మాచ్‌ఖండ్ పక్కన డీజిల్ ఎందుకు?

దక్షిణ ఒడిశాలో కరెంటు మాట వస్తే ముందు నీళ్లే గుర్తుకొస్తాయి. డుడుమ జలపాతం దగ్గర 1955లో మొదలైన మాచ్‌ఖండ్ ఆంధ్రకూ ఒడిశాకూ ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం, సామర్థ్యం 120 మెగావాట్లు. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల 510 మెగావాట్లు. జయపురానికి దగ్గర్లో ఎగువ కొలాబ్ 320. ఉత్తరాన తాల్చేరు బొగ్గు, దక్షిణాన విశాఖ దగ్గర ఆ బొగ్గుతోనే నడిచే సింహాద్రి. చమురు కాల్చి గ్రిడ్‌కు కరెంటు పంపే పెద్ద కేంద్రం ఈ సరిహద్దు జిల్లాల్లో లేదు.

అయినా బరంపురం బజారులో గానీ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో గానీ కరెంటు పోయిన పదిహేను సెకన్లలో ఏదో ఒక డాబా వెనక నుంచి ఇంజను చప్పుడు మొదలవుతుంది. ఆసుపత్రి, బ్యాంకు, కల్యాణమండపం, సెల్ టవర్, కోల్డ్ స్టోరేజి... ప్రతిచోటా ఒక చిన్న చమురు విద్యుత్ కేంద్రం ఉంది. లెక్కల పుస్తకాల్లో వీటికి చోటు తక్కువ. కానీ చమురు నుంచి కరెంటు ఎలా పుడుతుందో, అంత ఖరీదైనదాన్ని ఇంకా ఎందుకు వదల్లేకపోతున్నామో అర్థం కావాలంటే ఈ చిన్న యంత్రం నుంచీ, దాని వెనకున్న పెద్ద యంత్రాల నుంచీ కలిపే చూడాలి.

మొదటి విషయం, చమురు ద్రవంగా ఉండగా మండదు. ఆవిరైతేనే మండుతుంది. దీపంలో ఒత్తి చేసే పని అదే. నూనెను కొంచెం కొంచెంగా పైకి లాగి, వేడికి ఆవిరి చేసి మంటకు అందిస్తుంది. పాతకాలం పంపు స్టవ్వు వాడినవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ముందు గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి బర్నరును వేడెక్కించాలి. తర్వాత పంపు కొడితే కిరోసిన్ ఆ వేడి గొట్టంలోకి ఎక్కి ఆవిరై, సూదిమొన లాంటి రంధ్రంలోంచి జోరుగా బయటికొచ్చి గాలితో కలిసి నీలం మంట అవుతుంది. తొందరపడి వేడెక్కకముందే పంపు కొడితే పొగ, పచ్చమంట, గోడకు మసి. రంధ్రంలో నలక అడ్డుపడితే పిన్ను పెట్టి పొడవాలి. వేడి చేయడం, ఒత్తిడి పెట్టడం, సన్నగా చిమ్మడం, గాలి కలపడం. వందల మెగావాట్ల చమురు బాయిలర్‌లో జరిగేది కూడా ఈ నాలుగు పనులే.

అక్కడ కాల్చేది ఎక్కువగా ఫర్నేస్ ఆయిల్. ముడి చమురును శుద్ధి చేసేటప్పుడు గ్యాసు, పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వరసగా పైకి పోయాక అడుగున మిగిలే మడ్డి నుంచి తయారయ్యేది. నల్లగా, చల్లబడితే బెల్లంపాకంలా చిక్కగా ఉంటుంది. ట్యాంకులోనే ఆవిరి గొట్టాలు పెట్టి దాన్ని వెచ్చగా ఉంచుతారు, లేకపోతే పంపు లాగలేదు. బర్నరుకు చేరేముందు నూరు డిగ్రీల పైకి కాచి, ఆవిరి ఒత్తిడితో తుంపరగా చిమ్ముతారు. చుక్క ఎంత చిన్నదైతే అంత తొందరగా ఆవిరవుతుంది, అంత పూర్తిగా మండుతుంది. చమురు చిమ్మే గన్ను మొన అరిగి చుక్కలు లావైతే చిమ్నీలో నల్లపొగ రూపంలో ఇట్టే తెలిసిపోతుంది. ఇదే రకం చమురును కోరాపుట్ జిల్లా దమన్‌జోడి అల్యూమినా శుద్ధి కర్మాగారంలో అల్యూమినాను (అల్యూమినియం తీసే తెల్లపొడిని) కాల్చే కొలిమికి వాడతారు. ఆ కర్మాగారానికి కావలసిన ఆవిరీ కరెంటూ మాత్రం బొగ్గు బాయిలర్ల నుంచి వస్తాయి. ఒకే ఆవరణలో బొగ్గు ఒక పనికి, చమురు ఒక పనికి.

బాయిలర్‌లో మంట రగిలాక చమురు పని అయిపోయినట్టే. చుట్టూ ఉన్న గొట్టాల్లో నీరు ఆవిరై, ఆ ఆవిరి ఇంకా కాగి, టర్బైన్ రెక్కల మీద పడి ఇరుసును నిమిషానికి 3,000 సార్లు తిప్పుతుంది. ఇరుసు రెండో కొసన అయస్కాంతం, దాని చుట్టూ రాగి చుట్టలు. తీగ చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. మాచ్‌ఖండ్‌లో నీళ్లు చేసేదీ, సింహాద్రిలో బొగ్గు చేసేదీ ఆ తిప్పడమే. తిప్పేది ఎవరన్నదే తేడా. టర్బైన్ దాటిన ఆవిరిని మళ్లీ నీరు చేయడానికి చల్లబరచాలి, అక్కడే సగానికి పైగా వేడి చేజారిపోతుంది. కాల్చిన నూరు పాళ్లలో కరెంటుగా మిగిలేది ముప్పై అయిదు పాళ్ల చిల్లర.

ఈ లెక్కను టన్నుల్లో చూస్తే ఇలాంటి కేంద్రాలు కొండల మీద ఎందుకు లేవో తెలుస్తుంది. కిలో ఫర్నేస్ ఆయిల్‌లో ఉన్న వేడి సుమారు 11 యూనిట్లకు సమానం. అందులో చేతికొచ్చేది నాలుగు యూనిట్లు. 100 మెగావాట్ల కేంద్రం రోజంతా నడిస్తే 24 లక్షల యూనిట్లు, అంటే 600 టన్నుల చమురు. 20 టన్నుల ట్యాంకర్లు రోజుకు ముప్పై. సాలూరు దాటి సుంకి ఘాటు మలుపుల్లో ముప్పై ట్యాంకర్లు రోజూ ఎక్కడం ఊహించుకుంటే చాలు. అందుకే చమురు కేంద్రాలు రేవుల పక్కన, రిఫైనరీల పక్కన పుట్టాయి. ముంబయి ట్రాంబే, చెన్నై బేసిన్ బ్రిడ్జ్ అలాంటివే. కొండల్లో మాత్రం ఇంధనం పైనుంచి తానే దిగివస్తుంది. జోలాపుట్ జలాశయంలో నిలిచిన నీటికి ట్యాంకరూ అక్కర్లేదు, ఘాటు రోడ్డూ అక్కర్లేదు.

రెండో దారి ఇంజను. ఇందులో ఆవిరి లేదు, బాయిలర్ లేదు. 1893లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ పేటెంటు పొందిన ఆలోచన చాలా ధైర్యమైనది: నిప్పు పెట్టకుండానే ఇంధనాన్ని మండించడం. సిలిండర్‌లోకి గాలిని మాత్రమే పీల్చి, పిస్టన్‌తో పదిహేనో వంతుకో ఇరవయ్యో వంతుకో కుదిస్తే ఆ గాలే అయిదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఇంజెక్టర్ డీజిల్‌ను తుంపరగా చిమ్మితే దానంతట అదే భగ్గుమంటుంది. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వెచ్చబడడం ఈ సూత్రమే, కాకపోతే ఇక్కడ చాలా తీవ్రంగా. 1897లో ఔగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన ఇంజను ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి యంత్రాలు పది శాతం దగ్గరే ఆగిపోయేవి. నేటి పెద్ద డీజిల్ కేంద్రాల్లో అది 40 శాతం దాటింది.

వంశధార ఒడ్డున పొలాలకు నీళ్లు తోడిన పాత ఒంటి సిలిండర్ ఇంజన్లు చూసినవాళ్లకు ఈ కుదింపు అంటే ఏమిటో చేతి కండరాలే చెబుతాయి. హ్యాండిల్ పెట్టి తిప్పబోతే బండరాయిలా కదలదు, లోపల గాలి ఎదురుతంతుంది. అందుకే పైనున్న చిన్న లివర్ ఎత్తి వాల్వును తెరిచి ఉంచుతారు. అప్పుడు గాలి తప్పించుకుపోతుంది, బరువైన చక్రం తేలిగ్గా తిరుగుతుంది. చక్రం ఊపందుకున్నాక లివర్ టక్కున వదిలేస్తే, ఆ ఊపుకే పిస్టన్ ఒక్కసారి గాలిని కుదిస్తుంది. ఒక దగ్గు, ఒక నల్లపొగ గుప్పు, మరో దగ్గు, ఆ పైన టకటకటక. హ్యాండిల్ సమయానికి లాక్కోకపోతే మణికట్టుకు ప్రమాదం. బ్యాటరీ లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు. నూరేళ్లకు పైబడిన ఆ ఆలోచన అంతా ఆ రెండు దగ్గుల మధ్యే ఉంది.

ఆ ఇంజను ఇరుసుకు పంపు బదులు ఆల్టర్నేటర్, అంటే తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం, తగిలిస్తే జనరేటర్. మామూలు సెట్లు నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు ఇరవై అయిదు. లోపల నాలుగు ధ్రువాలుంటాయి కనక ఒక్కో చుట్టుకు కరెంటు రెండుసార్లు ఊగుతుంది. ఇరవై అయిదు రెళ్లు యాభై, మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ అదే. పెళ్లి పందిట్లో జనరేటర్ మీద ఉన్నట్టుండి పెద్ద మోటారు వేస్తే లైట్లు ఒక్క క్షణం మసకబారి, ఇంజను గొంతు బరువెక్కి, పొగ నల్లబడి, మళ్లీ సర్దుకోవడం చాలామంది చూసే ఉంటారు. మోటారు కరెంటు లాగగానే ఆల్టర్నేటర్ ఇరుసును వెనక్కి పట్టుకుంటుంది, వేగం తగ్గుతుంది, వేగాన్ని అదుపు చేసే గవర్నర్ దాన్ని పసిగట్టి డీజిల్ ఎక్కువ వదులుతుంది. దేశమంతటి గ్రిడ్‌లో ప్రతి నిమిషం జరిగేదీ ఇదే. అక్కడ మన కంటికి కనబడదు, ఇక్కడ చెవికి వినబడుతుంది.

పట్టాల మీద నడిచే డీజిల్ విద్యుత్ కేంద్రాలనూ ఈ ప్రాంతం చూసింది. పర్లాకిమిడి రాజావారు 1900లో మొదలుపెట్టించిన నౌపడా లైను 1931లో గుణుపురం దాకా సాగింది. చిన్న పట్టాల మీద ఆవిరి ఇంజన్లు పోయి, బ్రాడ్‌గేజ్ అయి, 2011లో గుణుపురానికి మళ్లీ రైలు వచ్చినప్పుడు దాన్ని లాగింది డీజిల్ ఇంజనే. డీజిల్ లోకో చక్రాలను ఇంజను నేరుగా తిప్పదు. ఇంజను జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు చక్రాల దగ్గరున్న మోటార్లను తిప్పుతుంది. 3,100 హార్స్‌పవర్ లోకో అంటే సుమారు 2.3 మెగావాట్ల కేంద్రం బోగీల ముందు పరుగెత్తుతున్నట్టే.

మూడో దారి గ్యాస్ టర్బైన్. విమానం ఇంజను లాంటిది. నాఫ్తా (పెట్రోలు లాంటి తేలిక చమురు) లేదా డీజిల్ కాల్చిన వేడి వాయువులే రెక్కలను తిప్పుతాయి, వెనక మిగిలిన వేడితో ఆవిరి చేసి ఇంకో టర్బైన్ తిప్పుతారు. కేరళలో కాయంకుళం కేంద్రం 350 మెగావాట్లతో ఇలాగే నాఫ్తా మీద వచ్చింది. మంగళూరు దగ్గర తన్నీర్‌బావిలో ఏకంగా నీటిమీద తేలే బార్జి పైనే 220 మెగావాట్ల నాఫ్తా కేంద్రం కట్టారు. ఆ బార్జి తర్వాత తూర్పు తీరం చుట్టి కాకినాడ చేరింది, గ్యాసు మీద నడపడానికి. తొంభైల్లో కరెంటు కొరతతో అల్లాడిన దక్షిణాది రాష్ట్రాలకు చమురు కేంద్రం తేలిక మందులా కనిపించింది. డ్యామ్‌కు పదేళ్లు, బొగ్గు కేంద్రానికి అయిదేళ్లు, డీజిల్ ఇంజన్లు తెచ్చి బిగించడానికి ఏడాదీ రెండేళ్లే. బెంగళూరు యెలహంకలో 1993లో ఒక డీజిల్ కేంద్రం, 1999లో కోళికోడ్‌లో మరొకటి ఈ తొందరలోనే వచ్చాయి.

తేలిక మందు ఖరీదు తర్వాత తెలిసింది. ప్రపంచం 1973లోనే ఈ పాఠం నేర్చుకుంది. ఆ ఏడాది చమురు ధరలు భగ్గుమనేనాటికి ప్రపంచ విద్యుత్తులో దాదాపు నాలుగో వంతు చమురు నుంచే వచ్చేది. ఇప్పుడది నూటికి మూడు పాళ్ల దగ్గరకు పడిపోయింది. మన దేశంలో గ్రిడ్ లెక్కలోకొచ్చే డీజిల్ సామర్థ్యం పన్నెండేళ్ల కిందట 1,200 మెగావాట్లుంటే, ఈమధ్య 600 లోపుకు దిగింది. నాలుగు లక్షల మెగావాట్లు దాటిన మొత్తంలో అది పప్పులో ఉప్పంత కూడా కాదు. కాయంకుళం ఏళ్ల తరబడి ఊరికే నిలబడింది. నాఫ్తా కరెంటు కొనడం కంటే కొనకుండా స్థిర చార్జీలు (కరెంటు తీసుకున్నా తీసుకోకున్నా కేంద్రానికి కట్టాల్సినవి) కట్టడమే చౌక అనిపించిన రోజులవి.

ఇంటి లెక్క ఇంకా సులువు. లీటరు డీజిల్‌లో ఉన్న వేడి సుమారు పది యూనిట్లు. చిన్న సెట్టు ఇచ్చేది మూడు, మహా అయితే మూడున్నర. తక్కినది సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి గాలిలోకి పోతుంది. లీటరు 95 రూపాయలనుకుంటే యూనిట్‌కు ముప్పై రూపాయలు డీజిల్‌కే అవుతుంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, మెకానిక్ కూలి దీనికి అదనం. లీటరుకు 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్, అంటే యూనిట్‌కు 0.8 కిలో. బొగ్గు కంటే ఏదో కాస్త తక్కువ, అంతే.

మరి ఇంత దండగైతే ఇంకా ఎందుకు? ఎందుకంటే నిద్రపోయిన మిగతా కేంద్రాలను లేపేది చమురే. ఈ మాటలో అతిశయోక్తి లేదు. బొగ్గు పొడిని చల్లని బాయిలర్‌లోకి ఊదితే అంటుకోదు. ముందు తేలికరకం డీజిల్, తర్వాత ఫర్నేస్ ఆయిల్ చిమ్మి గంటల తరబడి మంట పెట్టి, బాయిలర్ గోడలు కాగాక బొగ్గును పొడి చేసే మిల్లులను ఒక్కొక్కటిగా కలుపుతూ బొగ్గు మంటలోకి మారతారు. పూర్తిగా చల్లబడ్డ 500 మెగావాట్ల యూనిట్‌ను (ఇక్కడ యూనిట్ అంటే ఒక బాయిలర్, ఒక టర్బైన్ కలిసిన సెట్టు) లేపడానికి కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ లెక్కగట్టిన చమురు సుమారు 90 కిలోలీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. సింహాద్రిలో ఉన్నవి అలాంటి 500 మెగావాట్ల యూనిట్లే, నాలుగు. వానాకాలంలో బొగ్గు తడిసి మంట తడబడినా ఆయిల్ గన్నులే ఆసరా. బొగ్గు కరెంటు అని మనం అనుకునేదానిలో ప్రతి యూనిట్ కరెంటుకూ కొన్ని చుక్కల చమురు కలిసే ఉంటుంది.

గ్రిడ్ మొత్తం కూలినప్పుడు ఈ అవసరం చావుబతుకుల సమస్యగా మారుతుంది. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. ఒడిశా ఉన్నది తూర్పు గ్రిడ్‌లో. ఆంధ్ర ఉన్న దక్షిణ గ్రిడ్ నిలబడింది, ఎందుకంటే అప్పటికి రెంటి మధ్యా నేరుగా ఏసీ (దిశ మారుతూ ఊగే మామూలు కరెంటు) కలయిక లేదు. జయపురం నుంచి గాజువాక వచ్చే లైను కరెంటు అక్కడ ఒకసారి డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మారి, మళ్లీ ఏసీ అయి విశాఖ వైపు వెళ్లేది. ఆ మార్పిడి గోడలా నిలిచి ఇవతలి జబ్బును అవతలికి పోనివ్వలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. బలం పెరిగింది, కూలితే అందరూ కలిసి కూలే అవకాశమూ పెరిగింది.

కూలిన గ్రిడ్‌ను మళ్లీ నిలబెట్టడం ఎలా? బొగ్గు కేంద్రం తనంతట తాను లేవలేదు. దాని పంపులకు, ఫ్యాన్లకు, మిల్లులకే పెద్ద ఎత్తున కరెంటు కావాలి. తాను తీసే నూరు యూనిట్లలో ఆరు నుంచి తొమ్మిది దాకా తానే తినేస్తుంది. జల కేంద్రం లేవగలదు. అయితే దానికీ చిటికెడు కరెంటు ఎవరో అందించాలి. నీటిదారి తెరిచే ఆయిల్ ప్రెషర్ పంపుకు, జనరేటర్‌లో అయస్కాంతాన్ని మేల్కొలిపే ఎక్సైటర్‌కు ఆ చిటికెడు కావాలి. దాన్నిచ్చేవి బ్యాటరీలు, ఒక డీజిల్ సెట్టు. డీజిల్ సెట్టు నీటి యంత్రాన్ని లేపుతుంది, నీటి యంత్రం లైనుకు ప్రాణం పోస్తుంది, ఆ లైను బొగ్గు కేంద్రానికి చేరుతుంది. నీరు సమృద్ధిగా ఉన్న మాచ్‌ఖండ్, బలిమెల లాంటి చోట్ల కూడా డీజిల్ వాసన ఉండడానికి కారణం ఇదే.

బొగ్గు కేంద్రంలో ఇంకో సంగతి ఉంది, బయటివాళ్లకు అంతగా తెలియనిది. ఉన్నట్టుండి కరెంటు పోయి టర్బైన్ ఆగితే, వందల డిగ్రీల వేడి మీదున్న టన్నుల బరువు ఇరుసు కదలకుండా ఉండిపోతే తన బరువుకు తానే వంగుతుంది. వంగిన ఇరుసు తిరగదు, బాగుచేయడానికి నెలలు పట్టొచ్చు. అందుకని చల్లబడేదాకా దాన్ని నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, బేరింగులకు నూనె అందిస్తూనే ఉండాలి. ఆ పని ఎమర్జెన్సీ డీజిల్ జనరేటర్‌ది. అప్పుడు యూనిట్‌కు ముప్పై రూపాయలా మూడు వందలా అని అడిగేవారుండరు.

తుపాను రాత్రులదీ ఇదే లెక్క. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఒకటి గంజాం జిల్లాను, మరొకటి గజపతి జిల్లానూ ఇటు శ్రీకాకుళం ఉద్దానాన్నీ కూల్చేశాయి. స్తంభాలు వరసలు వరసలుగా పడిపోయాక డ్యాముల్లో ఎంత నీరుండీ లాభం లేదు. కరెంటు పుట్టేచోటు క్షేమం, వచ్చేదారే తెగింది. ఆ రోజుల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లెక్కించడానికీ, ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రానికీ, ఫోను చార్జింగుకీ దిక్కు జనరేటరే. డీజిల్ గొప్పతనం దాని వేడిలో లేదు, డ్రమ్ములో కదలకుండా నెలల తరబడి కూర్చోగలగడంలో ఉంది. తీగ అక్కర్లేకుండా ట్రాక్టర్ మీద ఊరికి వెళ్లగలగడంలో ఉంది. బలిమెల జలాశయం వెనక చిక్కుకున్న చిత్రకొండ ప్రాంతపు ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దారి. వెలుగు కోసం కట్టిన డ్యామ్ నీళ్లు దాటి, ఆ డ్యామ్ వల్ల విడిపోయిన ఊళ్లకు డీజిల్‌నూ పడవలోనే తీసుకెళ్లాల్సిన స్థితి. ఈ ప్రాంతపు విద్యుత్ చరిత్రలో ఇంతకంటే బాధాకరమైన విషయం లేదు.

చమురు కరెంటును ఈ సమయాల లెక్కన చూడాలి గానీ, దాన్ని రోజువారీ అలవాటుగా చేసుకోవడం మాత్రం శుద్ధ నష్టం. దుకాణాల్లో, లాడ్జీల్లో కనిపించే పెద్ద తప్పు అవసరానికి మించిన సెట్టు కొనడం. నాలుగు ఫ్యాన్లు, పది లైట్ల కోసం పెద్ద ఇంజను తిరుగుతుంటే లీటరుకు రెండున్నర యూనిట్లు రావడం కూడా కష్టం. పైగా తక్కువ బరువు మీద ఇంజను సరిగా కాగదు, సగం కాలిన డీజిల్ సైలెన్సర్‌లో జిగురుగా పేరుకుంటుంది. రోజూ గంటా రెండు గంటలు పోయే కరెంటుకు ఇప్పుడు ఇన్వర్టర్, డాబా మీద సోలార్ పలకలే చౌక. 2023 జులై 1 నుంచి కొత్తగా తయారయ్యే 800 కిలోవాట్ల లోపు జనరేటర్లకు పొగ నిబంధనలు బాగా బిగిశాయి కనక కొత్త సెట్టు ధరా పెరిగింది. జనరేటర్‌కు మిగలాల్సిన పని అరుదైనది, పొడవైనది: రెండో రోజు, మూడో రోజు, మబ్బు విడవని నాలుగో రోజు.

అరుదుగా నడిచే యంత్రానికి అరుదుగా నడవడమే శత్రువు. సమయానికి జనరేటర్ మొరాయించిందంటే ముందు అనుమానించాల్సింది ఇంజనును కాదు, దాన్ని లేపే బ్యాటరీని. గోపాల్‌పూర్ నుంచి కళింగపట్నం దాకా సముద్రపు తేమలో బ్యాటరీ టెర్మినళ్లు తెల్లగా పూస్తాయి, ఏడాది పట్టించుకోకపోతే చాలు. వారానికోసారి పావుగంట, అదీ ఖాళీగా కాకుండా లోడు వేసి నడపాలి. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే, రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి నీరై అడుక్కి చేరుతుంది. ఇంజెక్టర్‌కు ఆ నీరు తగిలితే పని అయిపోయినట్టే. అక్టోబరు రాకముందే ట్యాంకు అడుగునున్న కాక్ విప్పి గాజు సీసాలోకి కొంచెం పట్టి చూడాలి. అడుగున నీరుంటే వేరే పొరలా కనబడుతుంది. తేట డీజిల్ ఒక్కటే వచ్చేదాకా వదిలి, అప్పుడు కాక్ బిగించి ట్యాంకు నిండా పోయాలి.